టైరోసిన్ బదులు గ్లుటమేట్ పెట్టాను, ఎస్‌హెచ్2 అతుక్కోవడం లేదు. ఎందుకు?

ప్రశ్న (పీహెచ్‌డీ రెండో ఏడాది, హైదరాబాద్):

అందరికీ నమస్కారం. మూడు వారాలుగా ఒకే దగ్గర ఆగిపోయాను. గ్రబ్2 ప్రోటీన్‌లోని ఎస్‌హెచ్2 డొమైన్ (ఇతర ప్రోటీన్లను పట్టుకునే భాగం) ఈజీఎఫ్ రిసెప్టర్ (కణం పైన ఉండి ఎదుగుదల సంకేతాన్ని అందుకునే ప్రోటీన్) తోకలోని 1068వ అమైనో ఆమ్లమైన టైరోసిన్‌ని పట్టుకుంటుంది, అదీ దాని మీద ఫాస్ఫేట్ ఉంటేనే. నేను ఆ తోక ముక్కను ఈ. కోలై బ్యాక్టీరియాలో తీస్తున్నాను. దానికి ఫాస్ఫేట్ పెట్టే ఎంజైమ్, అంటే కైనేజ్, అక్కడ లేదు కాబట్టి టైరోసిన్‌ని గ్లుటమేట్‌గా మార్చాను. నెగటివ్ చార్జ్ ఉంటే చాలనుకున్నాను. జీఎస్‌టీ పుల్-డౌన్ (ఒక ప్రోటీన్‌ని బీడ్స్‌కి అంటించి దానికి ఏది అతుక్కుంటుందో చూసే పరీక్ష) నాలుగుసార్లు చేశాను. ఇన్‌పుట్‌లో బ్యాండ్ చిక్కగా ఉంది, బీడ్స్ లేన్ ఖాళీ. పక్క ల్యాబ్‌లో మెక్ కైనేజ్‌కి సెరిన్ల బదులు ఆస్పార్టేట్ పెడితే చక్కగా పనిచేసింది. నా దగ్గరే ఎందుకు రావడం లేదు? వచ్చే నెల కమిటీ మీటింగ్, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:

చెల్లీ, నీ ప్రయోగంలో తప్పు లేదు. ఆ ఖాళీ లేన్ నిజమే చెబుతోంది. పోస్ట్‌డాక్ మొదట్లో నేనూ ఇదే మార్పు చేసి రెండు నెలలు పోగొట్టుకున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ఎస్‌హెచ్2 అంటే సుమారు వంద అమైనో ఆమ్లాల ముద్ద. దానికి ఒక పక్కన లోతైన గుంట ఉంటుంది. గుంట అడుగున ఒక ఆర్జినిన్ కాచుకుని ఉంటుంది, గ్రబ్2లో అది 86వది. దానికి చివర రెండు నైట్రోజన్లు. ఆ రెండింటితో ఫాస్ఫేట్‌లోని రెండు ఆక్సిజన్లను పట్టుకుంటుంది. ఫాస్ఫేట్ అంత లోతుకు దిగాలంటే టైరోసిన్ రింగ్ పొడవు కావాలి. సెరిన్ మీద ఫాస్ఫేట్ ఉన్నా అందదు, పొట్టిది. గ్లుటమేటూ అంతే, పైగా ఫాస్ఫేట్‌కి చార్జ్ దాదాపు రెండు, దీనికి ఒకటే. ఆ ఆర్జినిన్‌ని లైసిన్‌గా మార్చి చూడు. చార్జ్ అలాగే ఉంటుంది, కానీ పట్టు పోతుంది. ఎస్‌హెచ్2 చూసేది చార్జ్ ఒక్కటే కాదు, ఆకారం కూడా.

మెక్ సంగతి వేరు. అక్కడ 218, 222 సెరిన్ల దగ్గర చార్జ్ వస్తే ఆ ప్రోటీన్ తన ఆకారం తనే మార్చుకుంటుంది. ఇంకో ప్రోటీన్ వచ్చి ఆ ఫాస్ఫేట్‌ని పట్టుకోవాల్సిన పని లేదు.

ఇంకొకటి. 1993లో సార్క్ (Src) అనే కైనేజ్‌లోని ఎస్‌హెచ్2 నిర్మాణం తీసినవాళ్లు దాన్ని రెండు పిన్నుల ప్లగ్‌తో పోల్చారు: ఒక రంధ్రం ఫాస్ఫోటైరోసిన్‌కి, రెండోది దాని తర్వాత మూడో స్థానంలోని ఐసోల్యూసిన్‌కి. గ్రబ్2లో ఆ రెండో రంధ్రం దారికి 121వ ట్రిప్టోఫాన్ అడ్డంగా ఉంటుంది. అందుకే పెప్టైడ్ (అతుక్కునే చిన్న ప్రోటీన్ ముక్క) వంగాల్సి వస్తుంది. ఆ వంపులో ఇమిడేది తర్వాతి రెండో స్థానంలోని ఆస్పరజిన్. నీ తోకలో ఆ వరుస టైరోసిన్, ఐసోల్యూసిన్, ఆస్పరజిన్, కాబట్టి ఎంచుకున్న చోటు సరైనదే.

జవాబు 2:

పైన చెప్పింది అక్షరాలా నిజం. ఫాస్ఫేట్ పెట్టి తయారుచేసిన పెప్టైడ్ కొనుక్కోండి, లేదా ఏ431 కణాలకు (ఈ రిసెప్టర్ ఎక్కువగా ఉండే మనిషి క్యాన్సర్ కణాలు) ఐదు నిమిషాలు ఈజీఎఫ్ ఇచ్చి ఆ లైసేట్, అంటే కణాలను పగలగొట్టి తీసిన ద్రవం, వాడండి. 86వ ఆర్జినిన్‌ని లైసిన్‌గా మార్చిన ఎస్‌హెచ్2ని కంట్రోల్‌గా పెట్టడం మరిచిపోవద్దు. కణాలను పగలగొట్టే లైసిస్ బఫర్‌లో ఫాస్ఫటేజ్ ఎంజైమ్‌లను ఆపే సోడియం ఆర్థోవెనడేట్ ఉందా? లేకపోతే ఫాస్ఫటేజ్‌లు మీ కళ్లముందే ఫాస్ఫేట్‌ని ఊడబీకేస్తాయి.

ప్రశ్న వేసినవారు:

వెనడేట్ సీసా ఉంది, కానీ ద్రావణం పసుపుగా ఉంది. బఫర్‌లో ఈడీటీఏ (లోహాలను పట్టేసే రసాయనం) కూడా వేస్తున్నాం.

జవాబు 2:

పసుపు రంగంటే అణువులు గుంపు కట్టేశాయి, ఇక అది ఫాస్ఫటేజ్‌ని సరిగా ఆపదు. పీహెచ్ 10కి తెచ్చి మరిగించండి, రంగు పోతుంది. చల్లారాక పీహెచ్ మళ్లీ చూసుకోండి. పీహెచ్ నిలకడగా ఉండి ద్రావణం నీళ్లలా తేటగా అయ్యేదాకా ఇలాగే చేయాలి. ఈడీటీఏ తీసేయండి, అది వెనడేట్‌ని కట్టిపడేస్తుంది. డీటీటీ (క్షయకరణం చేసే రసాయనం) కూడా వద్దు.

ప్రశ్న వేసినవారు (తొమ్మిది రోజుల తర్వాత):

వెనడేట్ మూడోసారికి తేట పడింది. ఏ431 లైసేట్‌తో చేశాను, రిసెప్టర్ యాంటీబాడీతో 170 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ వచ్చింది. లైసిన్ మ్యూటెంట్ లేన్‌లో లేదు. బ్లాట్ చూసి అక్కడే కూర్చుండిపోయాను అక్కా. అయితే పూర్తి రిసెప్టర్‌లో 1086వ టైరోసిన్ కూడా గ్రబ్2ని పట్టుకుంటుంది కాబట్టి, ఇది 1068 ఒక్కదాని పనే అని ఇంకా రాయలేను. పెప్టైడ్ ఆర్డర్ పెట్టాను.