తుఫాను తర్వాత పడిన చెట్లు కోయడానికి మేమే చైన్‌సా కొందామనుకుంటున్నాం. చెన్నైలో ఈ పని చేసినవాళ్లు చెప్పండి

మేడవాక్కం_సూళ్లూరుపేట

అందరికీ నమస్కారం. మాది సూళ్లూరుపేట దగ్గర పల్లె. ఉద్యోగం ఓఎంఆర్‌లో, ఉండేది మేడవాక్కంలో. 2022 డిసెంబరు 9 రాత్రి మాండౌస్ తుఫాను మహాబలిపురం దగ్గర తీరం దాటినప్పుడు మా వీధి మొగలో పచ్చతురాయి చెట్టు వేళ్లతో సహా పడిపోయింది. పక్క బ్లాకులో డయాలసిస్‌కు వెళ్లాల్సిన పెద్దాయన ఉన్నారు. కారు బయటికి పోయే దారి లేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం కొమ్మల మీదుగా దాటించి, అవతల ఆటో ఎక్కించాం. చెట్లు తీసే బండి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. వాళ్లను తప్పుపట్టడం లేదు, ఆ రోజు ఊరంతా అలాగే ఉంది.

అప్పటి నుంచి అనుకుంటున్నాం. ఈ ఏడు ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోపు మా అపార్ట్‌మెంట్ కుర్రాళ్లం తలా కొంత వేసుకుని ఒక చైన్‌సా కొని, చుట్టుపక్కల నాలుగు వీధుల్లో దారి తెరిచే పని పెట్టుకుందామని. అందరం పాతికా ముప్పై మధ్య వాళ్లం, ఒంట్లో సత్తువ ఉంది. మిషన్ పట్టినవాడు మాత్రం మాలో ఒక్కడూ లేడు. ఏ సైజు కొనాలి, ఎవరి దగ్గర నేర్చుకోవాలి, ఎవరి అనుమతి కావాలి, దయచేసి చెప్పండి.

వేళచ్చేరి_శ్రీను

మంచి ఆలోచన బ్రదర్. ఆన్‌లైన్‌లో 58 సీసీ, 22 అంగుళాల బార్ (చైన్ తిరిగే పొడవాటి రేకు) ఉన్నవి చౌకగా దొరుకుతున్నాయి. పెద్దదే తీసుకోండి, లావు మాను కూడా ఒకే దెబ్బకు తెగుతుంది. వీడియోలు చూసి నేర్చేసుకోవచ్చు, రాకెట్ సైన్స్ ఏం కాదు.

పెరంబూరు_అడితి

తమ్ముడూ, మాది పెరంబూరులో కట్టెల అడితి. తాత కందుకూరు నుంచి వచ్చి పెట్టాడు. మాను కోయడం మాకు రోజూ ఉండే పని. మీరు ఈ పనికి దిగొద్దని నేను చెప్పను, దిగాలనే అంటాను. కాకపోతే వరస మార్చుకోండి. ముందు మనుషులు, తర్వాత తాళ్లు, ఆఖర్న మిషన్. శ్రీను గారూ, ఏమనుకోకండి, కొత్త చేతికి 22 అంగుళాల బార్ ఇవ్వడం నాకు అస్సలు సమ్మతం కాదు. బార్ ఎంత పొడవైతే దాని ముక్కు మన కంటికి అంత దూరంలో ఉంటుంది. ఆ ముక్కు పైభాగం చాటునున్న కొమ్మకు తగిలిందంటే మిషన్ ఎగిరి మొహం మీదికి వస్తుంది. రెప్ప వేసేలోపు అయిపోతుంది. 16 అంగుళాలు చాలు. చైన్ బ్రేక్ పనిచేసేదై ఉండాలి. విడిభాగాలు మీ దగ్గర్లోని షాపులో దొరికే కంపెనీది కొనండి.

2016 డిసెంబరు 12న వార్దా తుఫాను వచ్చినప్పుడు అడితిలోని మిషన్లన్నీ వీధుల్లోకి తీసుకెళ్లాం. ఆ రోజు గాలి ముందు ఉత్తరం వైపు నుంచి కొట్టింది. తుఫాను కన్ను ఊరి మీదికి వచ్చినప్పుడు కాసేపు నిమ్మళించింది. అయిపోయిందనుకుని జనం బయటికొచ్చారు. ఆ తర్వాత దక్షిణం నుంచి మళ్లీ మొదలైంది. ఒకవైపు ఊగి వేళ్లు వదులైన చెట్లు రెండోసారి కొట్టిన గాలికి ఇంకోవైపు ఒరిగాయి. చెట్టు మీద చెట్టు, దాని మీద స్తంభం, అడుగున కారు. పైగా పెద్దనోట్లు రద్దయి నెల దాటింది, ఏటీఎంలు ఖాళీ. కూలికి మనిషిని పిలుద్దామన్నా చేతిలో నోటు లేదు. వీధివాళ్లే గొడ్డళ్లు, కొబ్బరికత్తులు పట్టుకుని దిగారు. వాళ్ల మంచితనం మర్చిపోలేను. మా ముందే ఒక కుర్రాడికి కొమ్మ విదిలించి దవడ పగిలింది, అదీ మర్చిపోలేను.

మీకు ఎవరైనా నేర్పాల్సింది ఆ విదిలింపు గురించే. మిషన్ స్టార్ట్ చేయడం సాయంత్రంలో వస్తుంది. పడిన చెట్టును చదవడం రావడానికి చాలాకాలం పడుతుంది. నిలబడిన చెట్టు బరువు తిన్నగా నేలలోకి దిగుతుంది. పడిన చెట్టుకు అలా ఉండదు, ప్రతి కొమ్మా ఎక్కడో నొక్కుకుని, ఎక్కడో సాగి, వంచిపట్టిన పచ్చి వెదురులా ఉంటుంది. కోసే ముందు చుట్టూ తిరిగి, ఈ దుంగ ఎక్కడెక్కడ ఆనుకుంది, తెగితే ఎటు కదులుతుంది అని చూడాలి.

మాను రెండు చివరలా ఆనుకుని నడుమ గాల్లో ఉందనుకోండి, ఒక చివర ప్రహరీ మీద, ఇంకో చివర రోడ్డు మీద. దాని పైభాగం నొక్కుకుపోయి ఉంటుంది, అడుగుభాగం సాగి ఉంటుంది. పై నుంచి మూడోవంతు మాత్రమే కోసి ఆపాలి. మిగతాది కింది నుంచి పైకి కోయాలి. పై నుంచే పూర్తిగా కోసేద్దామనుకుంటే నడుము కుంగి బ్లేడును పట్టేస్తుంది, ఇక ఇద్దరు లాగినా రాదు. ఒక చివరే ఆనుకుని రెండోది వేలాడుతుంటే లెక్క తిరగబడుతుంది. ముందు కింద మూడోవంతు, తర్వాత పై నుంచి. ఎటువైపు కోస్తున్నా కన్ను కోత గీత మీదే ఉండాలి. గీత సన్నబడుతోందంటే బ్లేడు ఇరుక్కోబోతోంది, వెంటనే బయటికి తీయండి. గీత విచ్చుకుంటోందంటే మాను తెగబోతోంది, కాళ్లు చూసుకోండి. లోపల నారలు పటపటమని తెగడం మొదలయ్యాక ఇంకో అంగుళం కోద్దామని ఉండొద్దు. పెద్ద మాను కింద నలిగి విల్లులా వంగిన సన్న కొమ్మలు మరీ ప్రమాదం. వాటిని ఒక్కసారిగా తెంపకుండా, వంపు లోపలివైపు కొద్దికొద్దిగా చెక్కుతూ బిగువు దిగనివ్వాలి. మీరు వంపుకు పక్కన ఉండాలి. ఎదురుగా అసలు నిలబడొద్దు.

ఇక వేళ్లతో లేచిన చెట్లు. మన ఊళ్లో తురాయి, పచ్చతురాయి, నిద్రగన్నేరు ఎక్కువగా అలాగే పడతాయి. చుట్టూ సిమెంటు, ఒక పక్క కాలువ, ఇంకో పక్క కేబుల్ కోసం తవ్వి వేళ్లు నరికేసిన గుంత. ఆ చెట్లు దేన్ని పట్టుకుని నిలబడతాయి? మానును మొదలు దగ్గర కోయగానే ఇవతలి బరువు పోతుంది. లేచిన మట్టిగడ్డ మొద్దుతో సహా మళ్లీ గుంతలోకి కూర్చోవచ్చు, లేదా మీ వైపే దొర్లవచ్చు. ఆ గుంతలోకి పిల్లలు ఆడుకోవడానికి దిగుతారు, కుక్కలు దూరతాయి. మొదలు దగ్గర కోసే పని మీకొద్దు. పై కొమ్మలు, రోడ్డుకు అడ్డం పడ్డ భాగం తీసి దారి ఇవ్వండి. మొద్దును క్రేనుకు వదిలేయండి. అంబులెన్సు పట్టేంత దారి తెరుచుకుంటే మీ పని అయినట్టే.

వీటన్నిటి కంటే ముందు కరెంటు. వీధిలో దీపాలు లేవు కదా, లైన్ చచ్చిపోయింది అనుకోకండి. ఎవరి ఇంట్లోనో జనరేటరు తప్పుగా కలిపి ఉంటే ఆ కరెంటు వెనక్కి వీధి తీగలోకి వస్తుంది. మీ మేడవాక్కం వైపు తీగలు పైన కనిపిస్తాయి. ఊరి లోపల కేబుల్ భూమిలో ఉంటుంది, చెట్టు లేచినప్పుడు వేళ్లకు చుట్టుకుని అదీ పైకి వస్తుంది. ఫుట్‌పాత్ మీద ఉండే పిల్లర్ బాక్సు (కరెంటు పెట్టె) పక్కన చెట్టు పడితే ముట్టుకోనేవద్దు. ఈబీ (కరెంటు బోర్డు) మనిషి వచ్చి ఆపేశామని తన నోటితో చెప్పాలి. కరెంటు ఫిర్యాదులు తీసుకునే మిన్నగం నంబరు 9498794987. చెన్నై కార్పొరేషన్ పరిధిలోనైతే 1913. ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి.

అనుమతి సంగతి. రోడ్డుకు అడ్డంగా పడ్డ కొమ్మలు తీసినా సరే, ముందు మీ స్థానిక సంస్థ ఇంజనీరుకు ఇప్పుడే, వానలకు ముందే వెళ్లి కనిపించి, మేం ఇంతమందిమి ఉన్నాం, పిలిస్తే వస్తాం అని చెప్పి రండి. నిలబడి ఉన్న చెట్టు జోలికి, కాస్త ఒరిగిన చెట్టు జోలికి పోవద్దు. ఒరిగిన వేపను నిలబెట్టి బతికించుకున్న వీధులు ఉన్నాయి. అడయారులో థియోసాఫికల్ సొసైటీ మర్రికి 1989 గాలివానలో తల్లి మాను పోయినా ఊడలతో అది ఇవాళ్టికీ ఉంది. తుఫాను మర్నాడు జనానికి చెట్లంటే కోపం, భయం ఉంటాయి. ఇదీ కొట్టేయండి బాబూ అని మీ చేతిలో మిషన్ చూసి అడుగుతారు. కుదరదని గట్టిగా చెప్పేవాడు జట్టులో ఒకడుండాలి.

స్టాఫ్‌నర్స్_అన్నానగర్

అన్నగారు రాసినదానికి నా వైపు నుంచి కొంచెం. నేను క్యాజువాలిటీలో పనిచేస్తాను. తుఫాను తర్వాత మాకు వచ్చేవాళ్లలో చాలామంది గాలివానలో దెబ్బతిన్నవాళ్లు కారు, మర్నాడు సర్దుతూ దెబ్బతిన్నవాళ్లు. మిషన్ కోతలు ఎక్కువగా ఎడమ తొడ మీద, మోకాలి మీద, ఎడమ చేతి మీద చూశాను. చైన్‌సా కోత కత్తి గాయంలా గీత గీసినట్టు ఉండదు. కండను చింపి లాగేస్తుంది, లోపలికి రంపపుపొట్టు, నూనె పోతాయి.

తమ్ముడూ, మిషన్ కొనే డబ్బులోంచే కోతకు ఆగే ప్యాంటు కొనండి. లోపల పొడవాటి దారాల పొరలు ఉంటాయి, చైన్ తగలగానే అవి దానితో పాటు మిషన్ లోపలికి పోయి చక్రాన్ని ఆపేస్తాయి. జీన్స్ ఏ మాత్రం కాపాడదు. హెల్మెట్, మొహానికి జాలీ, చెవులకు మఫ్స్, ముందు ఉక్కు ఉన్న బూట్లు. చెప్పులతో వచ్చినవాణ్ని కొమ్మ లాగడానికి కూడా రానివ్వకండి.

రక్తం కారితే శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద బలంగా అదిమిపట్టి ఉంచాలి. ఆగిందా అని మాటిమాటికీ తీసి చూడొద్దు. పసుపు, కాఫీపొడి వేయకండి, వాటిని కడగలేక మేం అవస్థపడతాం. 108కి ఫోన్ చేసే మనిషిని, మీరున్న చోటుకు ఏ రోడ్డు తెరిచి ఉందో తెలిసిన మనిషిని ముందే అనుకుని ఉంచండి. టీటీ ఇంజెక్షన్లు జట్టంతా ఇప్పుడే వేయించుకోండి. చీకటి పడ్డాక మిషన్ ఆపేయాలి. దెబ్బలు అలసట మీదే తగులుతాయి, ఇంకొక్క కొమ్మ అనే వేళకే.

మేడవాక్కం_సూళ్లూరుపేట

అన్నా, అక్కా, చాలా థాంక్స్. ఇదంతా మా గ్రూపులో పెట్టాను. ఇద్దరు వెనక్కి తగ్గారు, మిగతావాళ్లు ఉన్నారు. ఇంకో రెండు సందేహాలు. ఒకటి, మా వెనక వీధిలో ఏ గాలికైనా కొబ్బరిచెట్టు మిద్దె మీదికి వాలుతుంది. అలా వాలి ఆగిపోతే మేం ఏమైనా చేయొచ్చా? రెండు, మిషన్ ఏడాదిలో పది నెలలు ఊరికే పడి ఉంటుంది కదా, సమయానికి స్టార్ట్ అవుతుందా?

పెరంబూరు_అడితి

మిద్దె మీద వాలిన కొబ్బరిని మీరు తాకొద్దు తమ్ముడూ. ఇంట్లోవాళ్లను రెండోవైపు నుంచి బయటికి తెచ్చి, అగ్నిమాపక దళానికి 101 చేయండి. దాన్ని తీయాలంటే ఎత్తున తాడు కట్టి, భుజం కంటే పైన మిషన్ పెట్టి కోయాలి. నిచ్చెన ఎక్కి మిషన్ పట్టడం మా అడితిలో చేయితిరిగిన ముసలివాళ్లకు కూడా నేను ఒప్పుకోను.

మిషన్ స్టార్ట్ కావడం పెట్రోలు మీద ఉంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది తేమ పీలుస్తుంది, నెలల తరబడి ట్యాంకులో ఉంటే కార్బురేటరు జిగురు పట్టేస్తుంది. పని అయ్యాక ట్యాంకు వంచేసి, మిగిలినది కాలిపోయేదాకా నడిపి ఆపండి. తుఫాను హెచ్చరిక రాగానే కొత్త పెట్రోలు తెచ్చుకోండి, ఆ తర్వాత బంకుల దగ్గర క్యూలే. పెట్రోలులో కలిపే టూటీ ఆయిల్ (ఇంజిన్ నూనె) మిషన్‌తో ఇచ్చిన పుస్తకంలో ఉన్న లెక్కకే కలపాలి. 50కి 1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అని ఉంటే 40. చైన్‌కు వేరే నూనె, దాని ట్యాంకు వేరే. మిషన్ చల్లారాకే పెట్రోలు పోయండి, పోసిన చోటి నుంచి పది అడుగులు పక్కకు జరిగి స్టార్ట్ చేయండి.

చైన్ పదును రంపపుపొట్టే చెబుతుంది. చిన్న చిన్న పెచ్చులుగా రాలితే బాగున్నట్టు. మైదాపిండిలా పొడి రాలుతోంది, మీరు బరువు వేసి నొక్కాల్సి వస్తోందంటే మొండిదైంది, ఆపి ఆకురాయి పట్టండి. వరదనీళ్లలో నానిన మానుకు బురద, ఇసుక పట్టి ఉంటాయి. ఒక్కసారి బ్లేడు నేలను ముట్టినా పదును పోతుంది. రెండు చైన్లు స్పేర్ ఉంచుకోండి.

ఒక మిషన్‌కు ఆరుగురు. ఒకడు కోస్తాడు. ఒకడు వాడికి కాస్త దూరంలో, వాడికి కనిపించేలా నిలబడి పైకి, పక్కలకు చూస్తుంటాడు. చెవులు మూసుకున్నవాడికి తమిళమూ వినపడదు, తెలుగూ వినపడదు. కాబట్టి చేతి సైగలు ముందే అనుకోవాలి. చెయ్యి పైకెత్తితే వేలు ట్రిగ్గరు మీద నుంచి తీసేయాలి. ఇద్దరు రోడ్డుకు రెండు వైపులా బళ్లను ఆపుతారు, బైకువాళ్లు సందు కనపడితే దూరతారు. మిగతా ఇద్దరు మిషన్ ఆగాకే వచ్చి కోసినవి లాగుతారు. వానకాలువ మూతల మీద కుప్ప పోయకండి, మళ్లీ వాన పడితే ఆ వీధే మునుగుతుంది. మూడడుగుల ముక్కలైతే ఇద్దరు మోయగలరు, లారీకీ అనుకూలం.

ఇదంతా రాత ద్వారా వచ్చేది కాదు. ఆదివారం అడితికి సెలవు, మీ జట్టు అంతా రండి. చింత దుంగలు, వంకర వేప కొమ్మలు ఉన్నాయి, దిమ్మెల మీద ఎత్తిపెట్టి పైన నొక్కుడు, కింద సాగుడు కళ్లముందు చూపిస్తాను. మొదటి రోజు మిషన్ ఇద్దరికే ఇస్తాను, మిగతావాళ్లు తాడు ముళ్లు నేర్చుకోవాలి. అడ్రసు మెసేజ్‌లో పంపాను. బూట్లు వేసుకుని ఏడింటికల్లా రండి, తొమ్మిది దాటితే ఎండకు రేకుల కింద నిలబడలేం.