1943 చిల్లు కాణీ అత్యవసర నాణెమేనా?

రాగిబిళ్ళ: రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ ఇండియా వేసిన అత్యవసర నాణెమంటే, అంటే లోహం కొరత వల్ల వేసిన నాణెమంటే, ముందు చిల్లు కాణీయే. పాత కాణీ (పావు అణా) 75 గ్రెయిన్లు, ఇది 30. గ్రెయిన్ అంటే దాదాపు 0.065 గ్రాములు. ఒక్కోదానికి 45 గ్రెయిన్ల కంచు మిగిలింది. చిల్లు పెట్టింది అందుకే.

తులం: మిగిల్చింది బరువు తగ్గింపు, చిల్లు కాదు. చిల్లు లేకుండా 30 గ్రెయిన్లతో కొడితే 25 గ్రెయిన్ల ‘పై’ నాణెంతో కలిసిపోయేది. ‘పై’ అంటే కాణీలో మూడో వంతు. చిల్లు ఉంటేనే బిళ్ళ 21 మి.మీ. వెడల్పు నిలిచింది, ‘పై’ నాణేనిది 17.5 మి.మీ.

నాణేలపిచ్చి: నిజాం హైదరాబాద్ వేసిన 2 పైల నాణేనికీ చిల్లే కదా.

రాగిబిళ్ళ: బరువు తగ్గించడానికి చిల్లు దారి అయితే, లోహం మిగిల్చింది చిల్లు కానట్టా?

తులం: ఎన్నిసార్లు చెప్పినా చిల్లు దగ్గరే ఆగుతున్నారు! అసలు దెబ్బ రూపాయిది. 180 గ్రెయిన్ల రూపాయిలో వెండి 165 నుంచి 90కి దిగింది, 1940లో. ఆ తర్వాత పాతవాటి చెలామణీ రద్దు: విక్టోరియావి 1941 మార్చి 31తో, ఎడ్వర్డ్‌వి 1942 మే 31తో. జనం చేతిలోని మంచి వెండిని సర్కారు లాగేసుకుంది. దీన్ని అత్యవసరమంటారా?

రాగిబిళ్ళ: లాగేసుకోవడమా? జనం రూపాయలు దాచేస్తే చిల్లర దొరకలేదు. అందుకే 1940లో రూపాయి నోటు మళ్ళీ తెచ్చారు. 1944లో అమెరికా నుంచి 22.6 కోట్ల ఔన్సుల వెండి అప్పు తెచ్చుకున్న సర్కారుకు కొరత లేదంటారా?

తులం: కొరత ఉంది. భారం ఎవరి మీద పడిందన్నదే నా ప్రశ్న. మీరు సర్కారు ఖజానా వైపు నుంచి చూస్తున్నారు, నేను రైతు మూట వైపు నుంచి.

నాణేలపిచ్చి: పాత రూపాయి, కొత్త రూపాయి ఒకే బరువు కదా, చేతిలో పట్టుకుంటే తేడా ఎలా?

తులం: ముందు అంచు చూడండి. కొత్త రూపాయి గీతల మధ్య సన్నని గాడి ఉంటుంది. అంచు అరిగిపోతే 0.01 గ్రాముల తూనిక మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారంతో వేలాడదీసి, అడుగు తగలకుండా ముంచండి. తూనిక చూపేది నాణెం తోసిన నీటి బరువు: పాతది 1.13 గ్రాములు చూపిస్తుంది, సగం వెండిది 1.22. గాలి బుడగ అంటుకుంటే పాతది కూడా సగం వెండిలా కనిపిస్తుంది, వేలితో తుడిచి మళ్ళీ ముంచండి.

రాగిబిళ్ళ: లెక్క సరే. కానీ ఖజానాలో ఆ రూపాయికి బదులు పదహారణాలూ ఇచ్చారు. దాన్ని లాగేసుకోవడం అనడానికి నేను ఒప్పుకోను.

తులం: 165 గ్రెయిన్లు తీసుకుని 90 చేతిలో పెట్టడాన్ని పదహారణాలు ఇవ్వడం అనడానికి నేనూ ఒప్పుకోను.