అప్‌డేట్: కూలింగ్ క్యాప్ మోడల్‌లో మెదడు మధ్యలో చల్లబడట్లేదు అన్న ప్రశ్న

పుట్టినప్పుడు ఆక్సిజన్ అందని పిల్లలకి మెదడు దెబ్బ తగ్గించడానికి తలకి పెట్టే కూలింగ్ క్యాప్‌ని పెన్స్ బయోహీట్ ఈక్వేషన్‌తో (ఒంట్లో వేడి ఎలా పాకుతుందో, రక్తం దాన్ని ఎలా మోస్తుందో లెక్కించేది) మోడల్ చేస్తే క్యాప్ 10 డిగ్రీలున్నా మెదడు మధ్యలో 37 నుంచి కదలట్లేదు, కోడ్‌లో బగ్గా అని అడిగా కదా. బగ్ కాదండి, ఫిజిక్సే అంత. ఒకరు చెప్పినట్టు కండక్టివిటీని (కణజాలం వేడిని పాకించే గుణం) రక్తప్రవాహం టర్మ్‌తో భాగించి వర్గమూలం తీశా, 100 గ్రాములకి నిమిషానికి 30 మి.లీ. రక్తం అనుకుంటే దాదాపు 5 మి.మీ. వచ్చింది (ఇంత లోతుకి వెళ్లిన ప్రతిసారీ చల్లదనం దాదాపు మూడో వంతుకి పడిపోతుంది), అంటే చల్లదనం ఒకట్రెండు సెంటీమీటర్లు దిగేలోపే వేడి రక్తం దాన్ని తినేస్తోంది.

ధమని రక్తాన్ని 37 దగ్గర కట్టేయకుండా మోడల్‌లో ఒంటిని ఇంకో కంపార్ట్‌మెంట్‌గా (విడి భాగంగా) పెట్టి 33.5కి దించితే మెదడు మధ్యభాగం కూడా దాంతోపాటే దిగింది, మెదడు తనే పుట్టించే మెటబాలిక్ హీట్ వల్ల కాస్త పైన ఉంటుంది అంతే. ఈ క్యాప్‌ని పసిపిల్లల మీద పరీక్షించిన 2005 కూల్‌క్యాప్ ట్రయల్‌లో తలకి క్యాప్ పెట్టి కూడా రెక్టల్ టెంపరేచర్‌ని (అంటే ఒంటి లోపలి వేడిని) 34–35కి ఎందుకు దించారో ఇప్పుడర్థమైంది. (పెన్స్ 1948లో దీన్ని రాసింది ముంజేతి కోసం, మనం పసిమెదడుకి వాడేస్తున్నాం!)

ఇక మిగిలింది రక్తప్రవాహం, చల్లబడేకొద్దీ అదీ తగ్గుతుంది, దెబ్బతిన్న మెదడులో ఇంకా మారిపోతుంది, దాన్ని కాన్‌స్టంట్‌గా పెట్టడం నాకు నచ్చట్లేదు, టెంపరేచర్‌తో మారేలా రాస్తున్నా.