జ్వరంతో వచ్చినవారిని ఆరోగ్య కేంద్రం గేటు దగ్గరే తిప్పి పంపాలా?

మధురవాడ వైద్యాధికారి (చర్చ ప్రారంభం)

2020 నాటి కోవిడ్ పరిస్థితి మళ్లీ వస్తే విశాఖలోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బంది ఎలా నడుచుకోవాలన్న విషయంలో మా వైద్యాధికారుల మధ్య రెండు అభిప్రాయాలున్నాయి. జ్వరం, దగ్గు, ఆయాసం ఉన్నవారిని లోపలికి రానివ్వకుండా, గేటు దగ్గరే వివరాలు రాసుకొని నిర్ణీత పరీక్షా కేంద్రానికి పంపాలన్నది ఒకటి. ఆవరణలోనే విడిగా కూర్చోబెట్టి చూసి, అవసరమైన వారినే పంపాలన్నది రెండవది. నేను మొదటి పక్షం. సుమారు 50,000 జనాభాకు ఒక కేంద్రం అన్న లెక్కన ఏర్పడిన మా భవనాల్లో ఓపీకీ టీకాలకూ ఒకటే వరండా. బుధ, శనివారాల్లో పసిపిల్లలతో తల్లులు, వారి పక్కనే గర్భిణులు, మందుల కిటికీ దగ్గర బీపీ, షుగర్ ఉన్న వృద్ధులు ఉంటారు. వైద్యాధికారికో ల్యాబ్ టెక్నీషియన్‌కో వ్యాధి సోకిందంటే ఆ వాడ మొత్తానికి ఈ సేవలన్నీ ఆగిపోతాయి. జ్వరం చూడటానికి వేరే చోట్లున్నాయి, ఈ సేవలకు మరో చోటు లేదు.

గాజువాక స్టాఫ్ నర్సు

డాక్టరు గారూ, తిప్పి పంపినవారు ఎక్కడికి వెళ్తారన్నది మీ వాదనలో లేదు. లాక్‌డౌన్‌లో ఆటోలు లేవు, బస్సులు లేవు. గాజువాక నుంచి చినవాల్తేరు ఛాతీ ఆసుపత్రికో, హనుమంతవాక దగ్గరి విమ్స్ ఆసుపత్రికో వెళ్లమని చీటీ రాసి ఇవ్వడం వల్ల మన రిజిస్టరులో ఒక గడి నిండుతుందే తప్ప రోగి అక్కడికి చేరినట్టు కాదు. చాలామంది ఇంటికే వెళ్లిపోతారు, ఆయాసం ముదిరాక 108కి ఫోన్ చేస్తారు.

గేటు దగ్గర వివరాలు రాసుకోవడానికి పట్టే సమయంలోనే ఆక్సిజన్ చూడవచ్చు. నేను చేసిన పద్ధతి చెబుతాను. చెట్టు కింద షామియానా, ఒక బల్ల, వేలికి తగిలిస్తే రక్తంలోని ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సీమీటర్లు రెండు. గోళ్లరంగు ఉంటే తుడిపించాలి, గోరింటాకు ముదురుగా ఉంటే మరో వేలు చూడాలి, చేతులు చల్లగా ఉంటే కాసేపు రుద్దుకోమనాలి. లేకపోతే అంకె తప్పు చూపిస్తుంది. కూర్చున్నప్పుడు బాగానే ఉన్నవారిని ప్రహరీ వెంట ఆరు నిమిషాలు నడిపించి మళ్లీ చూడాలి, 94 కంటే కిందికి దిగితే కదలనివ్వకుండా కుర్చీలో కూర్చోబెట్టి వాహనం పిలవాలి. ఈ వ్యాధిలో ఆక్సిజన్ బాగా పడిపోయినవారు కూడా తడబడకుండా మాట్లాడతారు, పైకి ఏమీ తెలియదు. ముఖం చూసి "నీకేం పర్వాలేదు, వెళ్లు" అనే అధికారం గేటు దగ్గర ఎవరికీ ఉండకూడదు.

పాడేరు ల్యాబ్ టెక్నీషియన్

అప్పట్లో మా ఏజెన్సీ కూడా విశాఖ జిల్లాలోదే, 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. నగరానికి రాసిన ఉత్తర్వులే మాకూ వచ్చేవి, ఇబ్బంది అక్కడే మొదలైంది. వానాకాలంలో మా దగ్గరికి వచ్చే జ్వరాల్లో ముందుగా అనుమానించవలసింది మలేరియాను. ఫాల్సిపేరం రకమైతే ఒకటి రెండు రోజుల్లోనే మెదడుకు ఎక్కి ప్రాణం మీదికి తెస్తుంది. ర్యాపిడ్ కిట్‌పై వేలి రక్తపు చుక్క వేస్తే ఇరవై నిమిషాల్లోపే ఫలితం తెలుస్తుంది. జ్వరం వచ్చినవారిని కొండ దిగి కోవిడ్ పరీక్షకు వెళ్లమని, ఆ ఫలితం వచ్చేదాకా వేచి ఉండమని చెప్పడమంటే, మందు మన అలమరలోనే ఉండగా చికిత్సను ఆలస్యం చేయడమే. కోవిడ్ పరీక్ష తప్పకుండా చేయించండి, అయితే మలేరియా పరీక్ష చేయకుండా ఏ జ్వరాన్నీ పంపవద్దు.

మధురవాడ వైద్యాధికారి

ఏజెన్సీ విషయం వేరు, అక్కడ మీరన్నదే సరి. నగరంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. షామియానా వేయడానికి ఆవరణ ఉన్న కేంద్రాలు ఎన్ని? మెట్లు ఎక్కి వెళ్లవలసిన మొదటి అంతస్తుల్లో, సందుల్లోని ఇరుకు భవనాల్లో నడిచే కేంద్రాలకు చెట్టూ లేదు, ప్రహరీ లేదు. పైగా ఆ బల్ల దగ్గర కూర్చునేది సాధారణంగా ఆశా కార్యకర్త. ఆమెకు బట్ట మాస్కు ఇచ్చి, లోపల ఏసీ గదిలో ఉన్నవారికి ఎన్‌95 ఇచ్చిన సందర్భాలు నేను చూశాను. 2020లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన 50 లక్షల రూపాయల బీమా ఆశా కార్యకర్తలకూ వర్తించిన మాట నిజమే, కానీ ఆ డబ్బు ఎప్పుడు చేతికి వస్తుందో అందరికీ తెలుసు. ముందు రక్షణ సామగ్రి, తర్వాతే బల్ల.

గోపాలపట్నం నివాసి

వైద్య సిబ్బంది కానివాడినైనా ఒక మాట. మా నాన్నగారికి బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. అప్పట్లో దగ్గు ఉందన్న కారణంతో ఒక కేంద్రంలో ఆయనకు ఆ నెల మాత్రలు కూడా ఇవ్వలేదు. జ్వరాన్ని వేరుగా చూడటం అర్థం చేసుకోగలను, దగ్గుకూ బీపీ మాత్రలకూ ఏమిటి సంబంధం?

గాజువాక స్టాఫ్ నర్సు

మీ నాన్నగారికి మాత్రలు ఇవ్వవలసిందే. అత్యవసర సేవలు ఆపవద్దని 2020 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో, దీర్ఘకాలిక వ్యాధులున్నవారికి మూడు నెలల దాకా మందులు ఒకేసారి ఇవ్వవచ్చని ఉంది. ఆశా కార్యకర్త ద్వారా ఇంటికే పంపవచ్చు. ఆ కాగితం కింది దాకా చేరిందా అన్నది వేరే ప్రశ్న.

మీరు గోపాలపట్నం అన్నారు కనుక ఇంకొకటి గుర్తు చేస్తాను. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని కర్మాగారం నుంచి స్టైరీన్ వాయువు వెలువడి పది మందికి పైగా మరణించారు, వందల మంది కేజీహెచ్‌లోనూ ఇతర ఆసుపత్రుల్లోనూ చేరారు. అందరికీ ఆయాసం, దగ్గు, కళ్ల మంటలు. అది లాక్‌డౌన్ కాలం. ఆయాసమంటే కోవిడే అనుకొని గేటు వేసుకునే అలవాటు ఇన్ని కర్మాగారాలున్న ఊళ్లో పనికిరాదు.

విశ్రాంత ప్రజారోగ్య అధికారి, సీతమ్మధార

గేటు, బల్ల అని వాదించుకుంటున్నారు కానీ, నాకు అంతకంటే పెద్ద చిక్కు కనిపిస్తోంది. సిబ్బంది చేతిలో ఏ రోజు ఏ మార్గదర్శకం ఉందో వారికే తెలియని స్థితి అది. 2020 మార్చిలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వైద్య సిబ్బందికి ముందు జాగ్రత్తగా హైడ్రాక్సీ క్లోరోక్విన్ వాడవచ్చని చెప్పింది. 2021 మే 17న ప్లాస్మా చికిత్సను కోవిడ్ చికిత్సల జాబితా నుంచి తొలగించారు. అదే నెల చివర కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ తన మార్గదర్శకాల నుంచి ఐవర్‌మెక్టిన్, హైడ్రాక్సీ క్లోరోక్విన్‌లను తీసేసింది, ఐసీఎంఆర్ కాగితంలో అవి ఇంకా ఉండగానే. ఆధారాలు మారితే సలహా మారడం తప్పు కాదు. పాతది రద్దయిందని స్పష్టంగా చెప్పకపోవడమే తప్పు. వాట్సాప్ గ్రూపులో ఏప్రిల్ పీడీఎఫ్, జూన్ పీడీఎఫ్ ఒకే పేరుతో తిరిగితే ఫార్మసిస్టు దేన్ని నమ్మాలి?

దీనికి అన్నిటికంటే ఎక్కువ మూల్యం చెల్లించింది స్టెరాయిడ్ల విషయంలో. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మరణాలను తగ్గిస్తుందని 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన పరీక్షలో తేలింది, అయితే ఆక్సిజన్ అవసరమైన వారికే. అవసరం లేనివారికి మేలు కనిపించలేదు. మొదటి సగం ఊరంతా పాకింది, రెండవ సగం ఎవరి చెవికీ ఎక్కలేదు. జ్వరం వచ్చిన తొలి రోజునే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టిన షుగర్ రోగులు ఎంతమందో 2021 మేలో బ్లాక్ ఫంగస్ వార్డులను చూసినవారికి తెలుసు. అందువల్ల ప్రాథమిక కేంద్రానికి ఇచ్చే కాగితంలో ఏమి చేయాలన్నది ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటుందో, ఏమి చేయకూడదన్నది కూడా అంతే పెద్దగా ఉండాలి. తేదీ, అది రద్దు చేసే పాత ఉత్తర్వు సంఖ్య మొదటి పంక్తిలోనే రావాలి.

ఇక గేటు మాట. దేశంలో నమోదైన క్షయ రోగులు 2019లో సుమారు 24 లక్షలు, 2020లో 18 లక్షలు. క్షయ తగ్గిపోయి కాదు, దగ్గేవారిని ఎవరూ దగ్గరికి రానివ్వక. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయకుండా పంపితే, వారు ఇంట్లో నలుగురికి అంటిస్తారు.

మధురవాడ వైద్యాధికారి

సరే, గేటు దగ్గర కనీస పరీక్షలు జరిగాకే పంపాలన్న షరతుకు నేను ఒప్పుకుంటాను: ఆక్సిజన్, ఉష్ణోగ్రత, గర్భిణి అయితే బీపీ, దగ్గు ఎన్నాళ్ల నుంచి అన్న ప్రశ్న, దీర్ఘకాలిక మందుల చీటీ. 94 లోపు ఉన్నవారికి చీటీ ఇవ్వకూడదు, వాహనం వచ్చేదాకా బాధ్యత కేంద్రానిదే. కానీ ఆవరణ లేని కేంద్రాల్లో వీరిని రోడ్డు మీద నిలబెట్టి చూడలేం. వాటికి సమీపంలోని వార్డు సచివాలయాన్నో పాఠశాలనో ముందే కేటాయించి, పేరుతో సహా ఉత్తర్వులో రాయాలి. అది జరగనంత వరకు నా కేంద్రంలో గేటు పద్ధతే.

గాజువాక స్టాఫ్ నర్సు

పాఠశాల కేటాయింపు మంచిదే. ఆ బల్ల దగ్గర రోజంతా ఆశా కార్యకర్తే కూర్చోవాలన్న ఆనవాయితీని మాత్రం నేను ఒప్పుకోను. నర్సు, ఏఎన్‌ఎం, ఫార్మసిస్టు, వైద్యాధికారి అందరి పేర్లూ డ్యూటీ చార్టులో ఉండాలి, ఒక్కొక్కరికీ రెండు గంటలకు మించకూడదు, అందరికీ ఒకే రకం మాస్కు ఇవ్వాలి. మీ షరతుల్లో ఇది చేరుస్తారా, డాక్టరు గారూ?