పాత ఆప్షన్ తీసేయాలి, పాత స్క్రిప్టులు మాత్రం ఆగకూడదు. ఎలా?

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు తూకం లెక్కలు తీసే కమాండ్ లైన్ టూల్ ఒకటి పైథాన్‌లో రాసిచ్చాను. ఇప్పుడు --డేట్ బదులు --ఫ్రమ్, --టు పెట్టాలి. పైథాన్ 3.13 నుంచి ఆర్గ్‌పార్స్‌లో (కమాండ్ లైన్ ఆప్షన్లు చదివే మాడ్యూల్) డెప్రికేటెడ్=ట్రూ ఇస్తే పాతది పనిచేస్తూనే స్టాండర్డ్ ఎర్రర్‌లో, అంటే అసలు ఔట్‌పుట్‌తో కలవకుండా వేరే దారిలో, హెచ్చరిక వస్తుంది. బాగానే ఉంది.

కానీ కొందరు క్రాన్‌లో (పెట్టిన టైముకి కమాండ్లను దానంతటదే నడిపేది) 2>&1 పెట్టి, స్టాండర్డ్ ఎర్రర్‌తో సహా అంతా ఒకే సీఎస్‌వీ ఫైల్లోకి తోస్తున్నారు. ఆ హెచ్చరిక లైను లెక్కల మధ్యలో వచ్చి కూర్చుంటే సీజన్లో నా ఫోన్ మోగుతూనే ఉంటుంది, అదీ టెన్షన్! పోనీ టెర్మినల్ ఉంటేనే చూపిద్దామంటే, క్రాన్‌వాళ్లకు అసలు సంగతే తెలీదు. హెచ్చరికను లాగ్ ఫైల్లో రాయడమే మేలా?

ఇంకొకటి, పాతదీ కొత్తదీ కలిపి ఇస్తే ఎర్రర్ ఇవ్వాలా, కొత్తదాన్నే తీసుకోవాలా? మీరైతే పాతదాన్ని ఎన్ని వెర్షన్ల దాకా ఉంచుతారు?