అడాక్స్, ఎఫ్కే 25 – రెండూ ఒకే ఫిల్మా? ఒకే టైముతో కడగొచ్చా?

ఎర్రబల్బు:
ఎఫ్కే కె.బి. 25, 35 ఎం.ఎం. రోళ్లు మూడున్నాయి. వాడనివే, ఫ్రిజ్‌లో ఉంచినవి, గడువు 2011. వాటితోపాటు అడాక్స్ సి.హెచ్.ఎస్. 25 అని పెట్టె మీదున్న రోలు ఒకటి. రెండూ ఒకటేనని కొందరు, ఒకటి జర్మనీది, ఇంకోటి క్రొయేషియాది, పోలికే లేదని కొందరు అంటున్నారు. ఏది నిజం? దగ్గరున్నది రోడినాల్ డెవలపర్, ఫిల్ము కడిగే 300 మి.లీ. ట్యాంకు.

వెండిరేణువు:
ఒకటేనండి, పెట్టె మాత్రమే వేరు. అడాక్స్ విషయంలో పేరొక దారి, యంత్రాలొక దారి పట్టాయి కాబట్టే ఈ గందరగోళం.

డాక్టర్ ష్లాయిస్నర్ 1860లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పెట్టిన సంస్థ అది. 1938లో వీస్‌బాడెన్‌లోని విర్గిన్ కెమెరా ఫ్యాక్టరీ కూడా దాని చేతికొచ్చింది. యూదులైన విర్గిన్ సోదరులు నాజీల ఏలుబడిలో దేశం విడవాల్సొచ్చింది. పేరు తెచ్చింది మాత్రం 1950లలో వచ్చిన పలచని ఎమల్షన్ (వెలుగును పట్టే జెలటిన్ పూత) ఉన్న ఫిల్ములు: కె.బి. 14, 17, 21. ఆ అంకెలు డిన్ అనే పాత జర్మన్ కొలతలో ఫిల్ము వేగాలు (వెలుగుకు స్పందించే చురుకుదనం), అంటే ఇప్పటి లెక్కలో 20, 40, 100.

1962లో ఫిల్ము వ్యాపారం డ్యూపాంట్‌కి అమ్మేశారు. 1970లలో డ్యూపాంట్ ఆ యంత్రాలనూ తయారీ పద్ధతినీ క్రొయేషియాలో జాగ్రెబ్‌లోని ఫోటోకెమికా కంపెనీకి ఇచ్చింది. ఎఫ్కే కె.బి. ఫిల్ములు పుట్టింది అలా. పేరు చేతులు మారుతూ ఆగ్ఫా దగ్గరికి చేరి, వాడకం లేక 2003లో రద్దయితే బెర్లిన్‌లోని ఫోటోఇంపెక్స్ దాన్ని నమోదు చేసుకుంది. ఆ తర్వాత జాగ్రెబ్ ఫిల్మునే అడాక్స్ సి.హెచ్.ఎస్. 25, 50, 100 పేర్లతో అమ్మింది. మీ నాలుగో రోలు ఆ కాలం సరుకు. యంత్రం పాడై, బాగుచేసే ఖర్చు భరించలేక ఫోటోకెమికా 2012లో ఫిల్ము ఆపేసింది.

నీళ్లతొట్టి:
ఇక కడగడం సంగతి. 1+50 (ఒక వంతు మందుకి 50 వంతుల నీళ్లు) అంటే 300 మి.లీ.కి రోడినాల్ 5.9 మి.లీ. మందుల షాపులో దొరికే 10 మి.లీ. సిరంజితో 6 తీసుకుంటే చాలు. 1+100 జోలికి 300 మి.లీ. ట్యాంకులో పోవద్దు. రోలుకి 3 మి.లీ.యే పడుతుంది, మందు చాలక నీడలు పలచబడతాయి. అది కావాలంటే 500 మి.లీ. ట్యాంకు తీసుకోండి.

టైము ఎవరో చెప్పింది నమ్మకండి, ఇన్నేళ్ల ఫిల్ముకి అసలే వద్దు. ఒక రోలులో ఒకే దృశ్యాన్ని మీటరు 25, 12, 6 వేగాలకు పెట్టి వరుసగా తీస్తూ, ఆ వరుసను మూడు నాలుగుసార్లు తిప్పండి. చీకటి సంచిలో మొదటి 35 సెం.మీ. కత్తిరించి 20 డిగ్రీల దగ్గర 8 నిమిషాలు కడగండి. నీడల్లో వివరం లేకపోతే ఎక్స్‌పోజర్ పెంచాలి, టైము కాదు. వెలుగులు చప్పగా ఉంటే తర్వాతి ముక్కకి 10 నిమిషాలు. మొదటి అర నిమిషం ఆపకుండా తిప్పి, ఆపైన నిమిషానికి రెండుసార్లే తిప్పండి.

ఈ ఫిల్ముకి అసలు గండం తడి. తడిసిన జెలటిన్ మెత్తగా ఉంటుంది, గోరు తగిలినా గీత పడుతుంది. వేళ్లతో గానీ రబ్బరు పట్టీతో గానీ నీళ్లు తుడవొద్దు. వేసవిలో కుళాయి నీళ్లు 32 డిగ్రీలుంటాయి. 20 డిగ్రీల డెవలపర్ నుంచి నేరుగా అందులో వేస్తే ఎమల్షన్ ముడతలు పడుతుంది. స్టాప్‌కీ (డెవలపర్ పని ఆపే ద్రావణం) ఫిక్సర్‌కీ (బొమ్మను నిలిపే మందు) కడిగే నీళ్లకీ రెండు డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు. ముందే ఐసుతో చల్లార్చిన నీళ్లు రెండు లీటర్లు పక్కన పెట్టుకోండి. ఆమ్లపు స్టాప్ వద్దు, గ్యాసు బుడగలతో సూదిరంధ్రాలు పడతాయి.

వెండిరేణువు:
చివరి మాటకి చిన్న సవరణ. ఆ బుడగలు డెవలపర్‌లో కార్బొనేట్ ఉంటేనే వస్తాయి. రోడినాల్‌లో క్షారం హైడ్రాక్సైడ్ రూపంలో ఉంటుంది కాబట్టి ఆ భయం తక్కువ. అయినా మామూలు నీళ్లతో ఒక నిమిషం కడిగితే నష్టమేమీ లేదు, నేనూ అదే చెబుతాను. గట్టిపరిచే ఫిక్సర్ వాడితే గీతల బెడద తగ్గుతుంది గానీ, అప్పుడు నీళ్లు మార్చి మార్చి ట్యాంకును 5, 10, 20 సార్లు తిప్పే కొద్ది నీళ్ల పద్ధతి సరిపోదు. పారే నీళ్లలో 20 నిమిషాలైనా ఉంచాలి.

ఇంకోటి, ఈ 25కి ఎరుపు సరిగా కనబడదు. బల్బు వెలుగులో ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దాకా (అంటే రెట్టింపు దాకా) ఎక్కువ ఇవ్వండి.

ఎర్రబల్బు:
ఈ నాలుగూ అయిపోతే ఇప్పటి అడాక్స్ సి.ఎం.ఎస్. 20 వాడితే అదే బొమ్మ వస్తుందా?

నీళ్లతొట్టి:
రాదండి. పేరొక్కటే కలిసింది. అది పత్రాలు నకలు తీసే మైక్రోఫిల్ము జాతి, ఎమల్షన్ ఆగ్ఫా గెవర్ట్‌ది. రోడినాల్‌లో మామూలుగా కడిగితే నలుపూ తెలుపూ మిగిలి మధ్య బూడిద రంగులు ఎగిరిపోతాయి. దానికోసమే చేసిన అడోటెక్ డెవలపర్‌తోనే 20 వేగం వస్తుంది. పాత ఫిల్ము పోలిక కావాలంటే సి.హెచ్.ఎస్. 100 రెండో రకం చూడండి, పాత కె.బి. 21 తీరులో చేసింది అదే. వేగం 100, మీ 25 కాదు.