వన్డే క్రికెట్‌కు ఇంకా చోటుందా? టీ20, టెస్టుల మధ్య యాభై ఓవర్ల ఆట భవిష్యత్తు

ప్రశ్న – మైదానం గట్టు (విజయనగరం)

సభ్యులందరికీ నమస్కారం. మా ఊళ్లో పదహారేళ్ల లోపు పిల్లలకు క్రికెట్ నేర్పే చిన్న శిబిరం నడుపుతున్నాను. ఈ మధ్య తల్లిదండ్రులు తరచుగా ఒక మాట అడుగుతున్నారు: "వన్డేలు ఎలాగూ పోతాయంటున్నారు కదా, మా అబ్బాయికి టీ20కి పనికొచ్చే షాట్లు నేర్పితే చాలదా?" సమాధానం చెప్పే ముందు నాకే స్పష్టత కావాలనిపించి ఇక్కడ రాస్తున్నాను.

1971 జనవరి 5న మెల్‌బోర్న్‌లో, వర్షానికి టెస్టు మ్యాచ్ తుడిచిపెట్టుకుపోతే, ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ జట్లు ఎనిమిది బంతుల ఓవర్లు నలభై చొప్పున ఆడడంతో అంతర్జాతీయ స్థాయిలో ఈ ఆట మొదలైంది. 1983లో లార్డ్స్‌లో 183 పరుగులే చేసి వెస్టిండీస్‌ను 140కి ఆలౌట్ చేసిన మన జట్టు, ఈ దేశంలో క్రికెట్ స్థానాన్నే మార్చివేసింది. అదే ఆటను ఇక తీసివేయాలని 2022 జులైలో పాకిస్తాన్ మాజీ బౌలర్ వసీం అక్రమ్ బహిరంగంగా అన్నారు. ఆ నెలలోనే ఇంగ్లండ్ ఆటగాడు బెన్ స్టోక్స్ మూడు ఫార్మాట్లూ ఆడడం తన శరీరానికి సాధ్యం కాదంటూ వన్డేల నుంచి తప్పుకొన్నారు (మరుసటి ఏడాది ప్రపంచకప్‌కు తిరిగి వచ్చారు). 2027 ప్రపంచకప్ తర్వాత పురుషుల ద్వైపాక్షిక వన్డేలను బాగా తగ్గించాలని 2023లో క్రికెట్ నియమాలను రూపొందించే ఎంసీసీ క్లబ్బు కమిటీ సిఫారసు చేసింది. ఇంతమంది ఇన్ని విధాలుగా చెబుతున్నప్పుడు, యాభై ఓవర్ల ఆటలో నిజంగా నిలబెట్టుకోవలసినది ఏమైనా మిగిలిందా, లేక మనం పాత జ్ఞాపకాల మీద అభిమానంతోనే దానిని పట్టుకొని వేలాడుతున్నామా?

సమాధానం 1 – ఉప్పల్ గ్యాలరీ

మీ ప్రశ్న సూటిగా ఉంది కనుక నా అభిప్రాయమూ సూటిగానే చెబుతాను. ప్రపంచకప్, ఛాంపియన్స్ ట్రోఫీ ఉంటే చాలు, మిగిలిన వన్డేలకు చోటు లేదు. ఐపీఎల్ 2022 నుంచి పది జట్లతో 74 మ్యాచ్‌లకు పెరిగింది. 2023 జనవరిలో దక్షిణాఫ్రికాలోనూ, యూఏఈలోనూ కొత్త లీగ్‌లు మొదలయ్యాయి. ఆ నెలలో తమ ఆటగాళ్లు సొంత లీగ్‌కు అందుబాటులో ఉండాలని దక్షిణాఫ్రికా బోర్డు ఆస్ట్రేలియాతో జరగవలసిన మూడు వన్డేలను, వాటికి దక్కే పాయింట్లతో సహా వదులుకుంది. ప్రపంచకప్ అర్హతకు లెక్కలోకి వచ్చే మ్యాచ్‌లనే ఒక బోర్డు వదులుకోవడానికి సిద్ధపడిందంటే, ఏ లెక్కలోకీ రాని సిరీస్‌ల విలువ ఎంతో ఊహించుకోవచ్చు.

ప్రేక్షకుడి వైపు నుంచి కూడా ఆలోచించండి. 2023 ఆసియా కప్ ఫైనల్‌లో మన సిరాజ్ 21 పరుగులకు ఆరు వికెట్లు తీసి శ్రీలంకను 50కే కూల్చినప్పుడు హైదరాబాదీగా నేనెంత గర్వపడ్డానో చెప్పలేను. కానీ ఆ రోజు కొలంబోలో టికెట్టు కొన్నవారికి దక్కినది రెండు ఇన్నింగ్స్‌లూ కలిపి ఇరవై రెండు ఓవర్ల లోపు ఆట. టీ20లో ఏకపక్షపు మ్యాచ్ మూడు గంటల్లో మరపున పడుతుంది. వన్డేలో అది రోజంతా సాగే అవకాశం ఉంది. ఉద్యోగాలు చేసుకునేవారిని అంత సమయం కేటాయించమని అడగడం న్యాయం కాదు.

సమాధానం 2 – తెల్లబంతి

ఉప్పల్ గ్యాలరీ గారు చెప్పిన క్యాలెండర్ ఇబ్బందిని నేను కాదనను. అయితే ఆటలో లోపం వేరు, ఆటను నిర్వహించే తీరులో లోపం వేరు. రెండింటినీ కలిపి తీర్పు చెబితే నష్టపోయేది ఆటే.

మొదట, ఈ ఆటలో మరెక్కడా దొరకనిది ఏమిటో చూద్దాం. 2023 నవంబరు 7న వాంఖడేలో అఫ్గానిస్తాన్ మీద 292 పరుగుల లక్ష్యంతో దిగిన ఆస్ట్రేలియా 91 పరుగులకే ఏడు వికెట్లు పోగొట్టుకుంది. కండరాలు పట్టేసి నిలబడలేని స్థితిలో మ్యాక్స్‌వెల్ చేసిన అజేయ 201ని అందరూ తలచుకుంటారు. నేను మాత్రం అవతలి ఎండ్‌లో 68 బంతులాడి 12 పరుగులు చేసిన కమిన్స్ గురించి మాట్లాడతాను. టీ20లో 68 బంతులంటే ఇన్నింగ్స్‌లో సగానికి పైగా. అక్కడ అలా ఆడినవాడు జట్టును ఓడిస్తాడు. టెస్టులో అలా ఆడినవాడు మ్యాచ్‌ను డ్రా వైపు నడుపుతాడు. పరుగుల గడువు తరుముతూ ఉండగా, నిలబడడమే గెలుపు అయ్యే పరిస్థితి వన్డేలోనే వస్తుంది. పడిపోయిన ఇన్నింగ్స్ మళ్లీ లేచి నిలబడడానికి ఇరవై ఓవర్లు చాలవు.

ఇక లోపాల సంగతి. వన్డే మధ్య ఓవర్లు విసుగు పుట్టిస్తున్నాయని అనేవారు, అవి అలా ఎందుకు తయారయ్యాయో అడగరు. 2011 అక్టోబరు నుంచి రెండు ఎండ్‌ల నుంచి రెండు కొత్త బంతులు వాడారు. అంటే యాభయ్యో ఓవర్ ముగిసేసరికి కూడా ఒక్కో బంతి వయసు ఇరవై ఐదు ఓవర్లే. బంతి పాతబడదు కనుక రివర్స్ స్వింగ్ (పాత బంతి గాలిలో ఎదురు దిశకు తిరగడం) దాదాపు మాయమైంది. గట్టిగా ఉండే బంతి బ్యాట్ మీదికి చక్కగా వస్తుంది కనుక స్పిన్నర్లకు పట్టు దొరకలేదు. ఆ మరుసటి ఏడాది మధ్య ఓవర్లలో 30 గజాల వలయం బయట నలుగురే ఫీల్డర్లుండాలన్న నిబంధన వచ్చింది. ఈ రెండూ లేని 2011 ప్రపంచకప్‌లో యువరాజ్ 362 పరుగులతో పాటు 15 వికెట్లు తీశాడు. అటువంటి పార్ట్‌టైమ్ స్పిన్నర్‌కు ఆ తర్వాత బంతి ఇవ్వడానికే కెప్టెన్లు జంకారు. బౌలర్ చేతులు కట్టేసి, ఆట ఏకముఖంగా ఉందని ఆటనే నిందించడం సరికాదు.

2025 జులై నుంచి పురుషుల వన్డేల్లో ఒక దిద్దుబాటు వచ్చింది. 34 ఓవర్ల దాకా రెండు బంతులు, ఆ తర్వాత వాటిలో ఫీల్డింగ్ జట్టు ఎంచుకున్న ఒక్క బంతే. పదిహేడు ఓవర్లు వాడిన బంతి మరో పదహారు ఓవర్లు దెబ్బలు తింటుంది కాబట్టి, చివరికి అది 33 ఓవర్ల వయసుకు చేరుతుంది. ఇది చిన్న మార్పే కావచ్చు, కానీ సరైన దిశలో వేసిన అడుగు. నా మటుకు నేను అయిదో ఫీల్డర్‌ను కూడా మధ్య ఓవర్లలో బయటికి అనుమతించాలనే అంటాను.

నిర్వహణ విషయానికొస్తే, 2020 నుంచి 2023 దాకా పదమూడు జట్లతో సూపర్ లీగ్ నడిచింది. అందులోని ప్రతి వన్డేకూ పాయింట్లుండేవి, ప్రతి పాయింటుకూ ప్రపంచకప్‌తో సంబంధం ఉండేది. రెండుసార్లు విజేత అయిన వెస్టిండీస్ ఆ దారిలో వెనుకబడి, అర్హత పోటీల్లో స్కాట్లాండ్ చేతిలో ఓడి 2023 ప్రపంచకప్‌కే రాలేకపోయింది. ఎంత బాధాకరమైనా, మ్యాచ్‌కు అర్థం ఉండడమంటే అదే. ఆ లీగ్‌ను ఒక్క ఆవృతితోనే ఆపివేయడం ఈ ఫార్మాట్‌కు జరిగిన అతి పెద్ద అన్యాయమని నేను నమ్ముతున్నాను.

సమాధానం 3 – రాయలసీమ స్పిన్

ఇప్పటిదాకా జరిగిన చర్చ అంతా పురుషుల క్రికెట్ చుట్టూనే తిరిగింది. వన్డే ప్రపంచకప్ మొదట ఆడినది మహిళలు. పురుషుల పోటీ కంటే రెండేళ్ల ముందు, 1973లోనే ఇంగ్లండ్‌లో అది జరిగింది.

హైదరాబాద్‌కు చెందిన మిథాలీ రాజ్ తన సుదీర్ఘ ప్రయాణంలో ఆడిన టెస్టులు 12, వన్డేలు 232. ఆమె 7,805 వన్డే పరుగులు చేశారు. మహిళలకు టెస్టులు ఎంత అరుదో ఆ రెండు అంకెలు చాలు చెప్పడానికి. సుదీర్ఘమైన ఇన్నింగ్స్ కట్టుకునే అవకాశం వారికి దాదాపుగా వన్డేల్లోనే దొరుకుతుంది. పురుషులకు విసుగు పుట్టిందని ఈ ఫార్మాట్‌ను తీసివేస్తే మహిళల చేతిలో మిగిలేది టీ20 ఒక్కటే.

2025 అక్టోబరులో మహిళల వన్డే ప్రపంచకప్‌లో భాగంగా విశాఖపట్నంలో మన అమ్మాయిలు 330 పరుగులు చేసినా, అలిస్సా హీలీ 142 కొట్టి ఆస్ట్రేలియాను గెలిపించింది. అదే ఆస్ట్రేలియా మీద సెమీఫైనల్‌లో 339 పరుగుల లక్ష్యాన్ని మనవాళ్లు ఛేదించారు. జెమీమా రోడ్రిగ్స్ 127 పరుగులతో చివరిదాకా నిలిచింది. నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి కప్పు అందుకున్నారు. ఆ పోటీలో మా కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 14 వికెట్లు తీసింది. ఎడమచేతి స్పిన్నర్‌కు నాలుగు ఓవర్లిస్తే పరుగులు ఆపడం నేర్చుకుంటుంది. పది ఓవర్లిస్తే ఒక బ్యాటర్‌ను గమనించి, రెండు ఓవర్లు ఒకచోట వేసి, మూడో ఓవర్లో వల వేయడం నేర్చుకుంటుంది. ఈ తేడా తెలిసినవారెవరూ వన్డే అనవసరమని అనలేరు.

ఉప్పల్ గ్యాలరీ

మహిళల క్రికెట్ గురించి చెప్పినది పూర్తిగా అంగీకరిస్తున్నాను, నా అభిప్రాయాన్ని పురుషుల ద్వైపాక్షిక సిరీస్‌లకే పరిమితం చేసుకుంటాను. అర్థం లేని మ్యాచ్‌లు ఆటను చవక చేస్తాయన్న మాటను మాత్రం వదులుకోను. ప్రపంచకప్‌లు ఎలాగూ ఉంటాయి కదా, వాటికి ముందు ఏడాది సన్నద్ధమైతే సరిపోదా?

తెల్లబంతి

సరిపోదని ఇంగ్లండ్ అనుభవం చెబుతోంది. 2019లో విజేతగా నిలిచిన ఆ దేశంలో 2021 నుంచి దేశవాళీ వన్డే కప్పును హండ్రెడ్ పోటీ (జట్టుకు వంద బంతుల లీగ్) జరిగే రోజుల్లోనే నిర్వహిస్తున్నారు. దాంతో మేటి ఆటగాళ్లలో చాలామందికి యాభై ఓవర్ల దేశవాళీ మ్యాచ్ ఆడే వీలే లేకపోయింది. 2023 ప్రపంచకప్‌లో ఆ జట్టు తొమ్మిది మ్యాచ్‌లలో మూడే గెలిచి ఏడో స్థానంలో మిగిలింది. కారణం అదొక్కటేనని అనను, వయసు మళ్లిన జట్టు, ఎంపికలో తడబాట్లు కూడా ఉన్నాయి. కానీ ముప్పయ్యో ఓవర్‌లో ఏ వేగంతో ఆడాలన్నది నెట్స్‌లో రాదు, ఏడాదిలోనూ రాదు.

మైదానం గట్టు గారికి ఒక మాట. అండర్-19 బాలుర ప్రపంచకప్ నేటికీ యాభై ఓవర్ల పోటీయే. దానికి దారి తీసే దేశవాళీ అండర్-19 పోటీ వినూ మన్కడ్ ట్రోఫీ కూడా అంతే. 2022లో ఆ ప్రపంచకప్ సెమీఫైనల్‌లో ఆస్ట్రేలియా మీద మన గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ 94 పరుగులు చేశాడు. ఆరంభంలోనే ఓపెనర్లిద్దరూ వెనుదిరిగాక, కెప్టెన్ యశ్ ధుల్‌తో కలిసి 204 పరుగులు జోడించి జట్టును నిలబెట్టాడు. మీ శిబిరంలోని పిల్లవాడు రాష్ట్ర జట్టు దాటి పైకి వెళ్లాలంటే అటువంటి ఇన్నింగ్స్ ఆడగలగాలి. సెలక్టర్లు చూసేదీ అదే.

మైదానం గట్టు (విజయనగరం)

అందరికీ ధన్యవాదాలు. అండర్-19 సంగతి తల్లిదండ్రులకు చెప్పవచ్చునన్న ఆలోచన నాకు తట్టలేదు, అది వారికి సులభంగా అర్థమయ్యే సమాధానం. ఈ సీజన్ నుంచి ఆదివారాలు పిల్లలకు నలభై ఓవర్ల మ్యాచ్‌లు ఆడిస్తాను. పూర్తి యాభై ఆడించలేను, మైదానం మాకు మధ్యాహ్నం దాకానే దొరుకుతుంది. స్పిన్నర్లకు ఎనిమిది ఓవర్లు తగ్గకుండా ఇవ్వాలని రాయలసీమ స్పిన్ గారి సలహా నుంచి తీసుకుంటున్నాను.

ఉప్పల్ గ్యాలరీ గారితో ఒక్క చోట నేను ఏకీభవిస్తాను. ఏ ఫలితానికీ ముడిపడని మూడు మ్యాచ్‌ల సిరీస్‌లను సమర్థించడం నాకు కష్టంగానే ఉంది. తెల్లబంతి గారు చెప్పినట్టు సూపర్ లీగ్‌ను తిరిగి తెస్తే, లీగ్‌లతో నిండిపోయిన జనవరి, ఏప్రిల్, మే నెలలను దాటి ఆ మ్యాచ్‌లను ఎప్పుడు ఆడించాలంటారు? దీనిమీద ఆలోచన ఉన్నవారు దయచేసి రాయండి.